చెట్టు మాను మీద ఎర్ర అంచున్న ఆ మచ్చ తెగులు కాదండి

కోస్టారికా వానాడవిలో ఒక చెట్టు మీద ఎర్ర అంచుతో, లోపల బూడిద కలిసిన ఆకుపచ్చ రంగులో గుండ్రటి మచ్చ చూశానని, అది తెగులా, ఎవరైనా రంగు వేశారా అని అడిగారు. రెండూ కాదు. మీరు చెప్పిన పోలికలన్నీ హెర్పోథాలన్ రుబ్రోసింక్టం అనే లైకెన్‌వి. లైకెన్ అంటే శిలీంధ్రం (బూజు, పుట్టగొడుగుల కోవది), శైవలం (నాచులాంటిది) కలిసి ఒకే జీవిలా బతకడం. అమెరికాలో క్రిస్మస్ లైకెన్ అంటారు. పాత పుస్తకాల్లో క్రిప్టోథీసియా అన్న పేరుతో ఉంటుంది.

ఫ్లోరిడా దక్షిణాన సైప్రస్ చెట్లుండే చిత్తడి అడవుల్లో నేను దీన్ని చాలాసార్లు చూశాను. దూరం నుంచి కుంచెతో దిద్దినట్టే ఉంటుంది. భూతద్దం పెడితే అసలు సంగతి తెలుస్తుంది. అంచున సన్నటి ఎర్ర పోగులు బెరడును అంటిపెట్టుకుని ముందుకు పాకుతుంటాయి. అదంతా ఒట్టి శిలీంధ్రమే. దాని వెనకాల తెల్లటి పట్టీ, ఇంకా లోపల ఆకుపచ్చ. శైవలం ఉండేది అక్కడే. ఎండతో తిండి తయారుచేసేది ఇదే, దానికి గూడు కట్టేది శిలీంధ్రం. చాలా లైకెన్లలో ఈ రెండూ ఎక్కడెక్కడ ఉన్నాయో మామూలు కంటికి తెలియదు. ఇందులో రంగులే చెప్పేస్తాయి, అందుకే నాకు ఇదంటే అంత ఇష్టం. అన్నట్టు ఆ శైవలం ట్రెంటిపోలియా జాతుల కోవకు చెందింది. అవి విడిగా బతికినప్పుడు నారింజ రంగులో కనిపిస్తాయి.

ఎరుపు కియోడెక్టోనిక్ ఆమ్లం అనే రంజకం వల్ల వస్తుంది. మచ్చ మధ్యలో కూడా ఎర్రటి నలుసులు కనిపిస్తాయి, వాటిని తప్పకుండా చూడండి. ఒక్కో నలుసులో శిలీంధ్రం, శైవలం రెండూ ఉంటాయి. ఊడి ఇంకో బెరడు మీద పడి నిలదొక్కుకుంటే కొత్త మచ్చ మొదలవుతుంది. ఈ లైకెన్ వ్యాపించేది ముఖ్యంగా ఇలాగే.

ఇక చెట్టు సంగతి. దీనికి వేళ్లు లేవు, చెట్టు రసం పీల్చదు, బెరడు పైపొర మీద కూర్చుంటుంది, అంతే. ఎండిపోతున్న చెట్ల మీద లైకెన్లు ఎక్కువ కనబడితే చాలామంది తప్పు వాటి మీదే వేస్తారు. ఆకులు రాలి మానుకు వెలుతురు తగలడం వల్ల కొన్ని లైకెన్లు అక్కడ బాగా పెరుగుతాయి, చెట్టు పాడవడానికి కారణం వేరే ఉంటుంది.

దయచేసి గోటితో గీకి చూడకండి, చాలా నెమ్మదిగా పెరిగే జీవి. మళ్లీ అటు వెళ్తే అంచు ఒకటి, మధ్య భాగం ఒకటి దగ్గరగా ఫొటో తీసి పెట్టండి. ఆ నలుసులు కనిపిస్తే ఇదేనని ఇంకాస్త గట్టిగా చెప్పగలను.