ఎనిమిది కోర్సులు కొన్నాడు, ఒక్కటీ పూర్తి చేయలేదు

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక తండ్రి గారు రాశారు. కిరాణా కొట్టు ఉంది. అబ్బాయి బీకాం అయి ఏడాదైంది, ఫోన్లో ఎనిమిది కోర్సులు కొని అన్నీ సగంలో వదిలేశాడు, ఇప్పుడు డేటా సైన్స్ (కుప్పలుగా ఉన్న సమాచారంలోంచి పనికొచ్చే సంగతులు లెక్కగట్టి తీసే విద్య) అంటున్నాడు. విశాఖలో చేర్పించి 85 వేలు కట్టాలా, ఇంట్లోనే ఆన్‌లైన్లో నేర్చుకోమనాలా అని అడిగారు. ఉత్తరం చివర ఇంకో మాట ఉంది: "వాడు చదివింది ఒడియా మీడియం, ఇంట్లో తెలుగు, కోర్సులన్నీ ఇంగ్లీషు. బుర్రకెక్కదేమోనని భయంగా ఉంది సార్."

మీ అసలు భయం అదే. బరంపురం, గుణుపురం, రాయగడ నుంచి కూడా నాకు ఇదే ప్రశ్న వస్తూనే ఉంటుంది, కాబట్టి ముందు దానికే జవాబు చెప్తాను. మీ వాడికి ఒడియా ఎలా వచ్చిందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. బడిలో విన్నాడు, సాయంత్రం వీధిలో వాడాడు, తప్పు మాట్లాడితే పిల్లలు నవ్వారు, మర్నాడు సరిచేసుకుని మళ్లీ అదే మాట వాడాడు. అలా రెండు లిపులు, రెండు భాషలు పట్టేసినవాడికి బుర్రకెక్కదని ఎలా అంటారు? విన్నది ఆరోజే వాడటం, తప్పు దొరకడం, మళ్లీ వాడటం, అప్పుడు జరిగిన ఈ మూడూ ఇప్పుడు ఫోన్లో జరగట్లేదు. వీడియో చూస్తుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది, ఫోన్ పక్కన పెడితే ఏమీ గుర్తుండదు. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు కాలేజీ పిల్లల మీద ఇదే పరీక్షించి చూశారు. ఐదు నిమిషాలకే పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ముందున్నారు, వారం తర్వాత పెడితే పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లే ముందున్నారు.

డేటా సైన్స్ సంగతి. నాకు దీని మీద అనుమానాలున్నాయి, దాచను. ఆ పనికి స్టాటిస్టిక్స్ గట్టిగా కావాలి, ప్రోగ్రామింగ్ కావాలి. ఆరు నెలల్లో రెండూ వచ్చి ఉద్యోగం గ్యారంటీ అనేవాళ్ల మాట నేను నమ్మను. ప్రాజెక్టు పేరుతో అందరి చేతా ఒకే ఫైలు చేయిస్తారు, ఇంటర్వ్యూలో "ఈ కాలమ్ ఎందుకు తీసేశావు?" అని అడిగితే పిల్లలు బిక్కమొహం వేస్తారు. ఏఐని అడిగి కోడ్ తెచ్చుకున్నా అంతే, తప్పు ఎక్కడుందో కనిపెట్టడం తనకే రావాలి. బీకాం కుర్రాడికి ముందు లెక్కల పట్టికలు వేసే ఎక్సెల్, వ్యాపార పద్దులు రాసే ట్యాలీ చేతికి రావాలి, డేటా సైన్స్ ఎక్కడికీ పోదు.

గుణుపురం అమ్మాయి ఒకామె వాళ్ల నాన్న కొట్టులో అరువు పద్దుల పుస్తకం ముందు పెట్టుకుని ఎక్సెల్ నేర్చుకుంది. మొదటి వారంలో బాకీలు కూడితే మొత్తం సున్నా వచ్చింది. ప్రతి అంకె ముందూ 'రూ.' అని టైపు చేయడంతో ఎక్సెల్ దాన్ని అక్షరాలుగా తీసుకుని కూడికలోంచి వదిలేసింది. ఆ సంగతి తనే కనిపెట్టి తప్పుల నోట్‌బుక్‌లో రాసుకుంది. ఆ నోట్‌బుక్ మూడో రోజు ఒకసారి, వారానికి ఒకసారి తీసి, జవాబు మూసిపెట్టి తనను తాను అడిగేది. నాలుగు నెలల్లో ఎవరు ఎంత బాకీయో ఒక్క నొక్కుతో చెప్పేది.

మీ వాడికీ ఇదే. ఒకే నైపుణ్యం, రోజుకు గంట, అందులో వీడియో ఇరవై నిమిషాలు మించకూడదు, మిగతాది మీ కొట్టు లెక్కల మీద చేత్తో చేయడమే. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల సైటు 'స్వయం' పోర్టల్లో పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. ఇక విశాఖా ఆన్‌లైనా అంటే, ఈ అలవాటు లేనివాడికి రెండూ ఒకటే. అలవాటు పడ్డాక రోజూ తప్పులు దిద్దే మాస్టారు కావాలనిపిస్తే విశాఖ పంపండి.

ఇప్పుడు మీకో మాట, కోపం తెచ్చుకోకండి. రోజూ భోజనం దగ్గర హైదరాబాద్ మేనల్లుడి జీతం ఎత్తకండి. ఆ ఎనిమిది కోర్సుల్లో సగం ఆ టెన్షన్‌తోనే కొన్నాడని నా నమ్మకం. పిల్లవాడు సోమరి కాదండీ, భయపడుతున్నాడు. ఆదివారం కొట్టు మూశాక పక్కన కూర్చుని "ఈ వారం ఏం తప్పు దొరికింది, చూపించు" అని అడగండి. 85 వేలు బ్యాంకులోనే ఉంచండి. మూడు నెలల తర్వాత ఆ తప్పుల నోట్‌బుక్ ఫోటో తీసి నాకు పంపండి, ఏ కోర్సో అప్పుడు చూద్దాం.