పట్టాల మధ్య ఖాళీ వదలడం గురించి

చిరంజీవి సుజాతకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు ఆ పాత మీటరు గేజి లైను బాగుచేసే బృందంలో చేరావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. వచ్చే వేసవికల్లా దాని మీద ఆవిరి ఇంజను నడిపించి తీరాలని మీ అందరి పట్టుదలట. చాలా గర్వంగా ఉంది తల్లీ. మన ఇంట్లో పట్టాల పని నా తరంతోనే ఆగిపోతుందనుకున్నాను. కానీ వేసవి అన్న మాట వినగానే గుండెలో రాయి పడింది. అందుకే ఈ ఉత్తరం.

తెలిసిన సంగతులు ముందు చెప్పేస్తాను. గట్టి బూట్లు లేకుండా లైను మీదికి పోకు. పట్టా మీద కాలు మోపి దాటకు. బ్లాకు, అంటే పని అయ్యేదాకా ఆ లైను మీద బళ్ళు ఆపే అనుమతి, తీసుకోకుండా, రెండు వైపులా ఎర్రజెండా పెట్టకుండా ఒక్క బోల్టు కూడా విప్పనివ్వకు. కంకర పోసే ముందు పక్క కాలువలు తవ్వించు. నీళ్ళు నిలిచేచోట స్లీపరు, అంటే పట్టాల కింద అడ్డంగా వేసే దిమ్మ, కింద కంకర ఎంత కూరినా ఒక్క వానకే బురద పైకి తన్నుకొస్తుంది.

చెక్క స్లీపరును పైనుంచి చూసి మంచిదనుకోవద్దు. పుచ్చు పట్టేది పట్టా కూర్చునే చోట, మేకు చుట్టూ. అక్కడ గునపం మొనతో పొడిచి చూడు, మొన దిగిందంటే ఆ స్లీపరు తీసెయ్యాల్సిందే. మేకు వదులైతే పాత రంధ్రంలో చెక్క బిరడా కొట్టి, పక్కన కొత్తగా తొలిచి దించాలి. తొలవకుండా సుత్తి బలంతో దించితే చెక్క నిలువునా చీలుతుంది. బయటి మేకులు రెండూ స్లీపరు మధ్యగీతకు ఒక పక్క, లోపలి మేకులు రెండూ ఇంకో పక్క ఉంటే స్లీపరు పక్కకు తిరగదు. కంకర కూరడం మీటరు గేజిలో పట్టాకు అటూ ఇటూ సుమారు 350 మి.మీ. దాకా చాలు. నడుమ కూడా కూరితే స్లీపరు అక్కడ ఆనుకుని రెండు చివర్లూ ఊగుతాయి. చివరికి నడిమికి విరుగుతుంది.

వంపుల దగ్గర కంటిని నమ్మకు. 20 మీటర్ల దారాన్ని బయటి పట్టా లోపలి అంచుకు బిగించి, సరిగ్గా మధ్యలో దారానికీ పట్టాకూ మధ్య దూరం కొలువు. 50,000ను ఆ మిల్లీమీటర్లతో భాగిస్తే వంపు వ్యాసార్థం మీటర్లలో వస్తుంది. 250 మి.మీ. వచ్చిందంటే 200 మీటర్ల వంపు. పది మీటర్లకోసారి కొలుస్తూ పో. అంకెలు ఒక్కసారిగా ఎగిరిపడిన చోట పట్టా పక్కకు జరిగిందన్న మాట.

ఇక నా భయం సంగతి. పాత లైన్లు బాగుచేసే చోట ఒక పొరపాటు మళ్ళీ మళ్ళీ జరుగుతుంది, అదీ శ్రద్ధ ఉన్నవాళ్ళ చేతుల్లోనే. చలికాలంలో పని మొదలవుతుంది. జాయింటు దగ్గర చక్రం టక్కుమనకూడదని, లైను అందంగా కనిపించాలని పట్టా కొసకు కొస ఆనించి బోల్టులు బిగిస్తారు. పాత జాయింట్లు తుప్పుతో బిగుసుకుపోయి ఉంటే, బాగా గట్టిగా ఉన్నాయని మెచ్చుకుని వదిలేస్తారు. ఎండాకాలం వచ్చేదాకా తప్పు బయటపడదు.

లెక్క చూడు. ఉక్కు ఒక్క డిగ్రీ వేడికి మీటరుకు 0.0115 మి.మీ. సాగుతుంది. 13 మీటర్ల పట్టా 35 డిగ్రీలు వేడెక్కితే 5 మి.మీ. పైనే పెరుగుతుంది. ఎండలో పట్టా వేడి గాలి వేడి కన్నా 15, 20 డిగ్రీలు ఎక్కువుంటుంది, అది మరిచిపోకు. ఆ పెరుగుదలకు చోటు లేకపోతే అదంతా ఒత్తిడిగా మారుతుంది. గజానికి 60 పౌండ్ల బరువుండే పట్టాలో డిగ్రీకి దాదాపు 0.9 టన్ను. ఖాళీలు మూసుకున్నాక ఇంకో 20 డిగ్రీలు ఎక్కితే ఒక్కో పట్టాలో 18 టన్నుల తోపుడు. ఆ తోపుడుకు ఎదురు నిలబడేది ముఖ్యంగా కంకరే. దాన్ని కూడా ఎండలో తవ్వి తీశారంటే, లైను పాములా మెలిక తిరిగి పక్కకు తన్నుతుంది. సాధారణంగా రైలు కిందే తన్నుతుంది. బండి అదురుకు స్లీపరుకూ కంకరకూ ఉన్న పట్టు ఆ క్షణంలో సడలుతుంది కనుక.

కాబట్టి ఎండలు ముదరకముందే జాయింట్ల పని పూర్తిచెయ్యండి. మీ పట్టా రకానిదే అర మీటరు ముక్క తీసుకుని తలలో రంధ్రం తొలిచి, నూనె పోసి, అందులో థర్మామీటరు పెట్టి లైను పక్కనే ఎండలో ఉంచు. పట్టా వేడి దాన్నే అడగాలి. కనీసం ఇరవై వరస జాయింట్ల ఖాళీలు తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కొలిచి రాయి. రెండుసార్లూ ఒకే అంకె వచ్చిన జాయింటు బిగుసుకుపోయి ఉంటుంది, లేదా అప్పటికే పూర్తిగా మూసుకుపోయి ఉంటుంది. ఒకచోట అన్నీ మూసుకుని ఇంకోచోట అన్నీ నోళ్ళు తెరిస్తే పట్టాలు జరిగాయి, వాటిని వెనక్కి లాగాలి.

ఒక్కో జాయింటే విప్పు. రెండు పట్టాల కొసలను కలిపి పట్టే ఫిష్‌ప్లేటు ఊడకపోతే మెల్లగా తట్టు, సమ్మెటతో మోదకు. వైరు బ్రష్షుతో తుప్పు గీకి, ప్లేటు నడుమ, బోల్టు రంధ్రాల చుట్టూ భూతద్దంతో బీటలు వెతుకు. రోజూ లైను వెంట నడిచి చూసే పాత కీమన్లు సుత్తితో తట్టి ఆ శబ్దంతోనే బీట పోల్చేవాళ్ళు. ఆ చెవి నీకు వచ్చేదాకా భూతద్దమే దిక్కు. గ్రాఫైటు పొడి, కిరోసిను కలిపిన చిక్కటి ముద్ద ప్లేటు ఆనే చోట పూసి, బోల్టులకు నూనె రాయి. లోపలి రెండు బోల్టులు ముందు, బయటివి తరవాత బిగించు. స్పానరుకు పైపు తొడిగి బిగించేవాణ్ణి చూస్తే అక్కడే ఆపు, బిగుసుకుపోయిన జాయింటును మళ్ళీ చేతులారా తయారుచేస్తున్నాడు.

కొత్తగా పరిచేటప్పుడు ఖాళీని లెక్కకట్టి వదలాలి. గరిష్ఠ వేడి 65 డిగ్రీలనుకుంటే, 13 మీటర్ల పట్టాను 30 దగ్గర పరిచినప్పుడు కొసల మధ్య 5 మి.మీ. లైనరు (ఖాళీ కోసం పెట్టే బిళ్ళ), 45 దగ్గర 3 మి.మీ. మేకులు కొట్టాక ఆ లైనర్లు లెక్కపెట్టి తీయించు, లోపల మిగిలిన లైనరు ఖాళీని మింగేస్తుంది. పట్టా పొడవు తగ్గించాల్సి వస్తే రంపంతో కోసి, బోల్టు రంధ్రం డ్రిల్లుతో వెయ్యాలి. గ్యాస్ మంటతో వేసిన రంధ్రం నుంచే బీట మొదలవుతుంది. ఎండ వేళల్లో కంకర కదపొద్దు, స్లీపరు తియ్యొద్దు. స్లీపరు చివర్ల బయట ఉండే భుజం కంకర ఎప్పుడూ నిండుగా ఉండాలి.

ప్రారంభోత్సవం తేదీ చెప్పి ఎవరైనా తొందరపెడితే వినకు. నువ్వు చిన్నప్పటినుంచీ పెద్దవాళ్ళకు ఎదురు చెప్పలేవు, ఆ మెతకదనమే నన్ను ఎక్కువ భయపెడుతోంది. ఈ ఒక్క విషయంలో మొండిగా ఉండు తల్లీ, ఎవరేమన్నా నేను పలుకుతాను.

ఇంజను మోజు అందరికీ ఉంటుంది. 1951లో వేల్స్‌లోని టాలిల్లిన్ లైనును స్వచ్ఛందంగా నడపడానికి పూనుకున్నవాళ్ళకు కూడా పట్టాలే పెద్ద బరువయ్యాయి. ఆవిరి ఇంజను చక్రాల్లో పెట్టే బరువుల వల్ల తిరిగిన ప్రతిసారీ పట్టా మీద దెబ్బ పడుతుంది, దిగిన జాయింటు ఇంకా దిగుతుంది. ఇరుసు బరువు ఎంతో అడిగి మీ పట్టాకూ వంతెనలకూ సరిపోతుందో చూడండి. బూడిద చెక్క స్లీపర్ల మీద దులపనివ్వకండి, నిప్పు లోపల రాజుకుని రాత్రికి బయటపడుతుంది. నువ్వు ఫుట్‌ప్లేటు (డ్రైవరు నిలబడే చోటు) ఎక్కితే, బండి పల్లానికి దిగేటప్పుడు బాయిలరులో నీటిమట్టం చూపే గేజి గ్లాసు చూడు: ఇంజను ముందుకు వాలినప్పుడు నీళ్ళు ముందుకు పోయి వెనక ఫైర్‌బాక్సు (నిప్పు మండే పెట్టె) పైకప్పు నీళ్ళలోంచి బయటపడొచ్చు. ఆ మాట డ్రైవరుకు నువ్వు గుర్తుచేసినా తప్పులేదు.

మొదటి ఇరవై జాయింట్ల కాగితం నాకు పంపు. తెల్లవారుజాము అంకె, మధ్యాహ్నం అంకె, రెండు వేళలా పట్టా వేడి, మూడూ ఉండాలి.

ఆశీస్సులతో,
పెదనాన్న