ఇల్లంతా మాదే, అద్దె ఇల్లయినా సరే

సందేహం: ఒక విదేశీ సిరీస్ చూస్తుంటే కింద తెలుగులో “ఈ రెండు రోజులూ మేము ఇంటిని పూర్తిగా మా కోసమే కలిగి ఉన్నాము” అని వచ్చింది. ఇంగ్లీషులో ‘వుయ్ హ్యావ్ ద హౌస్ టు అవర్‌సెల్వ్స్’ అన్నారు. దీన్ని “ఇల్లంతా మాదే” అంటే సరిపోతుందా? మాది అద్దె ఇల్లు. స్వంత ఇల్లు కాని వాళ్ళు అలా అంటే అర్థం మారిపోదా?

సమాధానం: నిరభ్యంతరంగా అనండి. “ఇల్లు మాదే” అంటే ఇంటి ఓనరు ఉలిక్కిపడాలి గానీ “ఇల్లంతా మాదే” అంటే ఏమీ కాదు. ‘అంతా’ వచ్చి చేరగానే మాట రిజిస్ట్రేషన్ ఆఫీసు వదిలేసి హాల్లోకి, వంటింట్లోకి, డాబా మీదికి వచ్చేస్తుంది. అత్తగారూ మామగారూ పెళ్ళికి వెళ్ళారు, పిల్లలు అమ్మమ్మ గారింట్లో ఉన్నారు, ఇక అడ్డు చెప్పేవాళ్ళు లేరు అని వినేవాడికి అర్థమవుతుంది. ఖాళీ బస్సెక్కి “బస్సంతా మనదే” అనుకునేవాడు ఆర్టీసీని కొన్నాడని ఎవరూ అనుకోరు కదా.

అయితే మీరు చూసిన వాక్యంలో నాకు కంపరం పుట్టించింది ‘మా కోసమే’ కాదు, ఆ ‘కలిగి ఉన్నాము’. ఈ తెగులు ఇప్పుడు ఎక్కడ చూసినా ఉంది. “అతను ఇద్దరు పిల్లలను కలిగి ఉన్నాడు”, “ఈ ఫోను రెండు కెమెరాలను కలిగి ఉంది”, “నేను రేపు ఒక మీటింగు కలిగి ఉన్నాను”. పిల్లల్ని కన్న తల్లి కూడా “నాకు ఇద్దరు పిల్లలు” అంటుందే తప్ప వాళ్ళను కలిగి ఉండదు. ఇంగ్లీషువాడు ఏ వస్తువునైనా చేత్తో పట్టుకుని ‘హ్యావ్’ అంటాడు. తెలుగులో వస్తువే కర్త. అది మనకు ఉంటుంది, మన దగ్గర ఉంటుంది, మనలో ఉంటుంది. వీటిలో తేడా కూడా చిన్నది కాదు: “ఆయనకు డబ్బుంది” అంటే శ్రీమంతుడు, “ఆయన దగ్గర డబ్బుంది” అంటే ఇప్పుడు జేబులో ఉంది, అప్పు అడగొచ్చు అని.

కలుగు అంటే పుట్టడం, ఏర్పడడం, సంభవించడం. అందుకే కోపం కలుగుతుంది, సందేహం కలుగుతుంది, పూర్వం సంతానం కూడా కలిగేది. పోతనగారి బలిచక్రవర్తి శుక్రాచార్యుడితో ఏమన్నాడో చూడండి:

కారే రాజులు? రాజ్యముల్ గలుగవే? గర్వోన్నతిం బొందరే?
వారేరీ? సిరి మూటఁ గట్టుకొని పోవం జాలిరే?

‘రాజ్యముల్ గలుగవే’ అన్నాడు. రాజ్యాలు వాళ్ళకు కలిగాయి, వాళ్ళు రాజ్యాలను కలిగి లేరు. మూడు లోకాలు చేతిలో ఉన్నవాడు అన్న మాట ఇది. (సిరిని మూటగట్టుకుని పోలేమని బలి అన్నాడు. మన క్రీడావార్తల వాళ్ళు మాత్రం “ఘోర పరాజయాన్ని మూటగట్టుకుంది” అని రాస్తారు. ఓటమినెవరైనా మూటగట్టుకుని ఇంటికి పట్టుకెళ్తారా?)

ఆ ఘట్టంలోనే, దీనికి కొంచెం ముందు, మీ సందేహానికి ఇంకా దగ్గరి పద్యం ఉంది. వచ్చిన పొట్టి బ్రహ్మచారిని చూసి బలి ముచ్చటపడి పెద్ద జాబితా చదివాడు. వరచేలంబులా, మాడలా, ఫలములా, గోవులా, రత్నములా, రథంబులా, గ్రామంబులా, ఏం కావాలి నాయనా అని. దానికి వామనుడి జవాబు:

ఒంటివాఁడ నాకు నొకటి రెండడుగుల
మేర యిమ్ము సొమ్ము మేర యొల్ల
గోర్కిఁ దీర బ్రహ్మకూకటి ముట్టెద
దానకుతుకసాంద్ర! దానవేంద్ర!

ఈ ఆటవెలది నాకు ఎంత ఇష్టమంటే, ఉత్తరంలో ‘తనకు మాత్రమే’ అన్న మాట కనబడగానే దీన్ని ఎక్కడ ఇరికిద్దామా అని చూస్తాను. ‘ఒంటివాఁడ’ అనే ఒక్క పదంలో “నేను ఒక్కణ్ణే, పెళ్ళాం పిల్లలు లేరు, నాకెంత కావాలి గనక” అనే బేరమంతా ఉంది. నేను అని లేదు, ఉన్నాను అని లేదు. ఆ చివరి ‘డ’తోనే ఉత్తమపురుష పలికింది. తరవాత ‘నాకు’. ఇది నా ఒక్కడికే అని వేరే చెప్పనక్కర్లేదు, ఒంటివాడికి ఇచ్చింది ఒంటివాడికే ఉంటుంది. ఇక ‘ఒకటి రెండు’. వినేవాడికి ఏదో కొంచెం అడిగినట్టుంటుంది, కూడితే మూడు. బ్రహ్మగారి పిలక ముట్టుకున్నంత సంబరపడతాను అన్న మాట కూడా ఊరికే అనలేదు, కాసేపట్లో ఆ కాలు నిజంగానే సత్యలోకం దాకా వెళ్ళింది. ఒకటి రెండడుగులు అడిగినవాడికి బ్రహ్మాండమంతా దక్కింది. అంత పెద్ద ఆస్తి మార్పిడిలో పోతనకు ఒక్క ‘కలిగి ఉన్నాను’ కూడా అవసరం పడలేదు.

ఈ ఒంటి అనే మాట ఒకటికి తోబుట్టువు. ఒంటిగంట, ఒంటిపూట బడి, ఒంటిచేత్తో, ఒంటికాలి మీద లేవడం, అన్నింటిలోనూ ఉన్నది ఇదే. నా అన్నవాళ్ళు లేనివాణ్ణి ఒంటికాయ సొంఠికొమ్ము అంటారు, ఎవరితోనూ కలవనివాణ్ణి ఒంటిపిల్లి రాకాసి అంటారు. (ఒంటికి నూనె రాసుకోవడంలో ఉన్నది వేరే ఒంటి, అది ఒళ్ళు.) ఒంటరి దీని బిడ్డే గానీ, సినిమా పాటలు దానికి ఏడుపు అంటగట్టాయి. అందుకని మీ వాక్యాన్ని “ఇంట్లో ఒంటరిగా ఉన్నాం” అని మార్చితే అర్థం చెడుతుంది. ఇంగ్లీషు మాటలో ఉన్నది సంతోషం, ఒంటరి అంటే పాపం అనిపిస్తుంది. “ఇంట్లో ఎవరూ లేరు, మేమిద్దరమే” అన్నా బాగుంటుంది. కాకపోతే దానికి వెనకాల కాస్త మ్యూజిక్ పడుతుంది.

ఇక్కడ అనువాదకుడు ఇంకొకటి చూసుకోవాలి. ఆ మాట ఎవరు ఎవరితో అన్నారు? భర్త భార్యతో అంటే “ఇల్లంతా మనదే”. పక్కింటావిడతో అంటే “ఇల్లంతా మాదే”. పొరపాటున ఆవిడతో ‘మనదే’ అంటే ఆవిడ నిజంగానే సంచీ సర్దుకుని వచ్చేయగలదు! వినేవాణ్ణి కలుపుకోవడం, వదిలేయడం ఇంగ్లీషు ‘అవర్’కి చేతకాదు. మనకు పుట్టుకతో వచ్చింది. ఆ వరాన్ని కూడా ఇప్పుడు పారేసుకుంటున్నాం. ఒక్కడే కొడుకైనా “మా అమ్మ” అనేవాడు, ఒక్కడే మొగుడైనా “మా ఆవిడ” అనేవాడు. నేటి యువకులు “నా అమ్మ”, “నా భార్య” అంటున్నారు. నా తండ్రే, నా తల్లే అని పిల్లల్ని ముద్దు చేసేటప్పుడు ‘నా’కి అందం ఉంది. పరిచయం చేసేటప్పుడు మాత్రం ఎవరో లాక్కుపోతారేమో అన్నట్టు ఉంటుంది. వాడుక ఎటు పోతుందో చూడాలి, నా మాట వినేట్టు లేదు.

ఒకరికే దక్కిందని దెప్పాలంటే గుత్తసొత్తు, తాత జాగీరు, బాబు సొమ్ము ఉన్నాయి. వాటిలో విసురు ఉంటుంది కనుక ఇక్కడ పనికిరావు.

కలిగి ఉండడం ఎప్పుడూ తప్పేనా అంటే, అంత ఖరాఖండిగా చెప్పను. “బుద్ధి కలిగి ఉండు”, “భయభక్తులు కలిగి మెలగు” అనడం చాలాకాలంగా ఉన్నదే. గుణాలకు అది నప్పుతుంది. ఇళ్ళకూ కెమెరాలకూ పిల్లలకూ తగిలించకుండా ఉంటే నాకు అంతే చాలు.

ఇంకొకటి. మీరు ‘స్వంత ఇల్లు’ అని రాశారు. వకారం తగిలిస్తే సంస్కృతమై గౌరవం పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. సంస్కృతంలో సు, అంత కలిసి స్వంతం అయితే మంచి ముగింపు గలది అని అర్థం. స్వాంతం అంటే మనసు. రెండింట్లోనూ మీరు కాపురం ఉండలేరు. ‘సొంత ఇల్లు’ అని రాయండి. స్వంతం కూడా అచ్చులో పాతుకుపోయింది కాబట్టి పరీక్షలో ఎవరైనా రాస్తే మార్కులు తగ్గించమని మాత్రం అనను.