నాయనమ్మ కాణీలు, నయాపైసల లెక్క

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధం తరువాత, 1950లలో వచ్చిన రాజకీయ మార్పులు పల్లెల్లో మామూలు మనుషులకు ఎలా తెలిసివచ్చాయి?

ఈ ప్రశ్నకు చాలామంది ఆంధ్రరాష్ట్ర అవతరణ, పంచవర్ష ప్రణాళికలు, నాగార్జునసాగర్ శంకుస్థాపన అని చెబుతారు. అవి కాదనను. కానీ తెనాలి దగ్గర మా పల్లెలో ఆ మార్పు గడప దాటి లోపలికి వచ్చింది చిల్లర డబ్బుల్లోనే. ఆ తరువాత ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పిన మనిషిగా ఈ మాట గట్టిగా అంటున్నాను.

మా నాయనమ్మకు చదువు రాదు. ఆమె కొంగుముడి విప్పితే మాత్రం పదిహేనేళ్ల చరిత్ర చాపమీద పరుచుకునేది. యుద్ధకాలంలో లోహం చాలక 1943 నుంచి నడిమధ్య రంధ్రంతో వేసిన చిల్లికాణీలు అందులో ఉండేవి. కాణీ అంటే అణాలో నాలుగోవంతు. మా తమ్ముడి మొలతాడుకు కట్టింది కూడా అలాంటి కాణీయే. ఆరో జార్జి తల ఉన్న అణాలు ఉండేవి. 1950లో వచ్చిన కొత్త నాణేల మీద రాజు తల పోయి అశోకుడి సింహాలు వచ్చాయి, వెనకవైపు కాణీ మీద గుర్రం, అణా మీద ఎద్దు. రాజు పోయాడన్న సంగతి ఆమె వేళ్లకు కూడా తెలుసు. చీకట్లో తడిమి ఏది అర్ధణానో, ఏది రెండణాల బేడో చెప్పేది. వెండి సంగతి వచ్చినప్పుడు మాత్రం గొంతు మారేది. 1940లో రూపాయిలో వెండిని సగానికి తగ్గించారు, 1947కల్లా అది పూర్తిగా నికెల్ అయిపోయింది. "యుద్ధం మన ఊరికి రాలేదురా, మన రూపాయిలో వెండిని మాత్రం తినిపోయింది" అనేది.

1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. నేను అయిదో తరగతి. అంతవరకు రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు కాణీలు. ఇకమీదట రూపాయికి నూరు నయాపైసలు. బడిలో మాస్టారు పట్టిక రాయించారు: కాణీకి రెండు నయాపైసలు, అర్ధణాకు మూడు, ముక్కాలణాకు అయిదు, అణాకు ఆరు, పావలాకు ఇరవై అయిదు. మాకు ఆ పైస పిచ్చి ఇష్టం. బొటనవేలి గోరంత, కొత్త రాగిలా మెరిసేది.

ఆ వేసవిలో ఒకరోజు నాయనమ్మ నాకు కొన్ని నయాపైసలిచ్చి కొట్టుకు పంపింది. కాణీకి జీలకర్ర, కాణీకి మిరియాలు, కాణీకి ఆవాలు, కాణీకి ఇంగువ. కొట్టు ఆయన నాలుగు పొట్లాలు కట్టి, పొట్లానికి రెండు చొప్పున ఎనిమిది నయాపైసలు తీసుకున్నాడు. ఇంటికి వచ్చి చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. చింతపిక్కలు తెచ్చి అరుగు మీద రెండేసి చొప్పున నాలుగు కుప్పలు పెట్టింది. పక్కన అణాకు ఆరు గింజలు పెట్టింది. చాలాసేపు చూసింది. "నాలుగు కాణీలు అణానే కదరా. మరి ఈ రెండు గింజలు ఎవరివి?" అంది.

నాకు ఒళ్లు జలదరించింది. ఆ ప్రశ్న బడిలో ముప్పైమందిమి అడగలేదు, మాస్టారూ అడగలేదు. అసలు లెక్కకు కాణీ ఒకటిన్నర నయాపైసకు కాస్త ఎక్కువ. పైసను చీల్చడం కుదరదు కాబట్టి పట్టికలో రెండు అని రాశారు. అణా ఆరుంబావు, దాన్ని ఆరు అన్నారు. పెద్ద మొత్తాల్లో ఈ తేడా కనిపించదు. రూపాయి పెట్టి ఒకేసారి కొనేవాడికి నూరు నూరే. కానీ కాణీ కాణీగా కొనేవారు రూపాయి విలువైన సరుకుకు అరవై నాలుగు సార్లు రెండేసి, అంటే నూట ఇరవై ఎనిమిది నయాపైసలు కట్టాలి. నూటికి ఇరవై ఎనిమిది నష్టం, అదీ కాణీ పొట్లాలతో బతికేవారికే. ఆ ఏడాది పేదల మీద అంతకంటే పెద్ద పన్ను మరొకటి పడలేదని నా నమ్మకం.

ఆమె నన్ను వెంటబెట్టుకుని కొట్టుకు వెళ్లింది. ఆయన పట్టిక కాగితం చూపించి, "పిన్నిగారూ, ఇది సర్కారువారి లెక్క, నేను వేసింది కాదు" అన్నాడు. అదీ నిజమే. అబద్ధమాడిన వాడు ఎవడూ లేడు. "అయితే నాలుగూ కలిపి ఒకే బేరం అనుకో నాయనా, అణాకు ఆరు తీసుకో" అంది. ఆయన కొంచెం ఆలోచించి రెండు నయాపైసలు తిరిగి ఇచ్చాడు. మర్నాటి నుంచి వీధిలో ఆడవాళ్లు కలిసి కొనడం మొదలుపెట్టారు. నలుగురి కాణీ సరుకు ఒక అణా బేరం. పాత నాణేలు ఇంకా చెల్లుతున్నాయి కాబట్టి కాణీ వస్తువుకు కాణీయే ఇవ్వాలని కూడా వాళ్లకు చెప్పింది. తన చేతికి వచ్చిన ప్రతి కాణీనీ దాచింది.

నేను దశాంశ పద్ధతికి వ్యతిరేకిని కాను. వీసెలు, పలాలు అనే పాత తూకాలు పోయి కిలోలు రావడం మేలే చేసింది. గింజలు కొలిచే మానిక ఊరికో తీరుగా ఉన్న రోజుల్లో కౌలు రైతులు ఎంత మోసపోయారో నాకు తెలుసు. కానీ పదహారును నాలుగుసార్లు సగం చేయవచ్చు. నూరును రెండుసార్లు సగం చేసేసరికి ఇరవై అయిదు దగ్గర ఆగిపోతుంది. వీసం (పదహారోవంతు), పరక (ఎనిమిదోవంతు), పాతిక, ముప్పాతిక అని సగాలతో పంచుకున్న మనుషుల బుర్రను ఆ పట్టిక వేసినవారు తలుచుకోలేదు. మన బళ్లలో వీసం ఎక్కాలు మానేసినందుకు ఇప్పటికీ బాధపడతాను. ఈనాడు పిల్లలకు పరక అంటే గడ్డిపరక ఒక్కటే. 2011 జూన్ 30తో పావలా కూడా చెల్లకుండా పోయింది. కొట్లలో చిల్లర బదులు చాక్లెట్ చేతిలో పెడితే ఎవరూ లెక్క అడగరు. నేను అడుగుతాను. క్యూలో నా వెనక ఉన్నవారు విసుక్కుంటారు, అయినా అడుగుతాను.

1964 జూన్‌లో 'నయా' అన్న మాట తీసేసి ఉత్త పైసలన్నారు. నాయనమ్మ అప్పటికి లేదు. ఆమె వక్కల డబ్బాలో ముప్పై ఒక్క కాణీలు దొరికాయి. తొమ్మిదింటికి నడుమ చిల్లు ఉంది.