అన్నయ్య అన్నీ పంచేసి వెళ్లిపోతానంటున్నాడు

ప్రశ్న: నాకు 20 ఏళ్లు, డిగ్రీ ఆఖరి ఏడాది. మాది కతోలిక కుటుంబం. ఎనిమిది నెలల కింద అమ్మా నాన్నా ఒకే ప్రమాదంలో పోయారు. ఇంట్లో ఇక అన్నయ్యా నేనే. ఈమధ్య అన్నయ్య ఎడారి తపసి పునీత అంతోని వారి జీవితం చదివి ఉద్యోగం మానేశాడు. ఇల్లు, పొలం అమ్మి పేదలకు పంచి, ఎక్కడో ఒంటరిగా ప్రార్థనలో బతుకుతానంటున్నాడు. వద్దంటే దేవుడికి అడ్డుపడినట్టవుతుందేమో! మరి నా గతేంటి?

జవాబు: అమ్మా, ‘నా గతేంటి’ అని అడగడం స్వార్థం కాదు. అంతోని వారికీ ఒక చెల్లెలుంది. మీ అన్నయ్య ఆమె దగ్గర ఆగి చదివినట్టు లేదు.

మూడో శతాబ్దపు ఈజిప్టు అది. అంతోని వారికి 18, 20 ఏళ్లప్పుడు తల్లిదండ్రులు పోయారు, చిన్న చెల్లెలి బాధ్యత ఆయన మీద పడింది. ఆరు నెలలైనా గడవకముందే గుడిలో ‘ఆస్తి అమ్మి బీదలకివ్వు’ అన్న సువార్త మాట విని, సుమారు 200 ఎకరాల పొలం ఊరివాళ్లకు ఇచ్చేశారు. సామాన్లు అమ్మి పంచినప్పుడు చెల్లెలి కోసం కొంత దాచారు. తర్వాత అదీ ఇచ్చేశారు, కానీ ఆమెను తనకు తెలిసిన, నమ్మకమైన, దేవుడికి అంకితమైన కన్యల దగ్గర పెంపకానికి అప్పగించారు. ఆ అమ్మాయి ఇష్టం ఎవరైనా అడిగారా అన్నది ఆ చరిత్రలో లేదు. అక్కడికొచ్చినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. మిమ్మల్ని మాత్రం అడిగి తీరాలి.

ఆయన ఆ మర్నాడే ఎడారిలోకి వెళ్లిపోలేదు. మొదట ఊరి పక్కనే ఉన్నారు. పక్క ఊళ్లో ఒంటరిగా ప్రార్థనలో గడిపే ఒక పెద్దాయనను చూసి నేర్చుకున్నారు. చేతులతో పనిచేసి రొట్టె కొనుక్కున్నారు. శవాలను పెట్టే సమాధి గదిలో ఉండి ప్రార్థించినప్పుడు కూడా ఒక స్నేహితుడు రొట్టె తెచ్చిచ్చేవాడు. ఒకరోజు స్పృహ తప్పి పడి ఉంటే ఆ స్నేహితుడే మోసుకుని ఊళ్లోకి తెచ్చాడు. పాడుబడిన కోటలో 20 ఏళ్లు ఒంటరిగా గడపడం ఆ తర్వాతి మాట, అందులోకి వెళ్లేనాటికి ఆయనకు సుమారు 35 ఏళ్లు. మీ అన్నయ్యకు దారి చూపే పెద్ద ఎవరు? పడిపోతే మోసుకొచ్చేదెవరు? ఇవి మీరు ధైర్యంగా అడగాల్సిన ప్రశ్నలు.

ఇంకో సంగతి. అమ్మానాన్న లేని ఇంట్లో ఉండలేక పారిపోవాలనిపించినా, అది దేవుడి పిలుపులాగే తోచవచ్చు. ఏది నిజమో ఎనిమిది నెలల్లో తేలదు. అన్నయ్య సరిగా తింటున్నాడా, నిద్రపోతున్నాడా గమనించండి. లేదంటే డాక్టర్‌కు చూపించడానికి ఆలస్యం చేయకండి. పిలుపు నిజమైనదే అయితే, సన్యాస సభల్లో శిక్షణ ఏళ్ల తరబడి ఉంటుంది. నవశిష్యరికమే, అంటే మాటపట్టు ఇవ్వకముందు ఉండే తొలి శిక్షణే, కనీసం ఏడాది. మీ డిగ్రీ పూర్తయ్యేదాకా ఆగితే ఆ పిలుపు ఎక్కడికీ పోదు.

ఆస్తి విషయంలో టెన్షన్ వద్దు. మీ అమ్మానాన్నలు వీలునామా రాయకపోతే, క్రైస్తవులకు వర్తించే 1925 వారసత్వ చట్టం ప్రకారం కూతురికీ కొడుకుకీ సమాన వాటా. అన్నయ్య ఇవ్వగలిగింది తన సగమే. మీ సంతకం లేకుండా మీ సగాన్ని అమ్మే హక్కు ఆయనకు లేదు.

ఈ ఆదివారం పూజ అయ్యాక ఇద్దరూ మీ విచారణ గురువుల (మీ చర్చి ఫాదర్) దగ్గరకు వెళ్లండి. ఫీజు సంగతి, మీరు ఉండబోయే చోటు సంగతి అన్నయ్య ఎదుటే, మీ నోటితోనే చెప్పండి. పొలం కాగితాలు ఎక్కడున్నాయో ఈలోపే చూసుకోండి.