కాకటీల్ చిలుక ముడుచుకుని కూర్చుంటోంది, సోమవారం దాకా ఆగొచ్చా?

మీరు కావలి నుంచి రాశారు, రెండు రోజులుగా ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చుంటోంది, గింజలు ముట్టట్లేదు అని. ఆగొద్దండీ. చిలుక జాతి పిట్టలు జబ్బును దాచుకుంటాయి, అడవిలో నీరసంగా కనిపిస్తే డేగ ఎత్తుకుపోతుంది కదా, అందుకే మన కంటికి తెలిసేసరికే బాగా ముదిరి ఉంటుంది.

ముందు రెట్ట చూడండి. మామూలుగా ఆకుపచ్చ భాగం, తెల్ల సున్నం లాంటిది, కాస్త నీరు, మూడూ కనిపించాలి. తెల్లది పసుపో ఆకుపచ్చో అయితే, నల్లగా జిగటగా ఉంటే ప్రమాదమే. ఊపిరితో పాటు తోక కిందికీ పైకీ ఊగుతుంటే గంటలు కూడా లెక్కే. రొమ్ము మధ్య ఎముక కత్తిలా చేతికి తగిలితే చాలా రోజులుగా చిక్కిపోతోందని అర్థం.

వెళ్లేలోపు పంజరానికి మూడు వైపులా దుప్పటి కప్పి, లోపల 30 డిగ్రీల దాకా వెచ్చగా ఉంచండి. నీళ్లు దగ్గర పెట్టండి, నోట్లో బలవంతంగా పోయొద్దు, పొరబోతుంది. పారాసిటమాల్ లాంటివి అసలు వద్దు. మన వైపు పశువుల డాక్టర్లు ఎక్కువగా గేదెలు, గొర్రెలే చూస్తారు, కాబట్టి పిట్టల్ని చూస్తారా అని ఫోన్ చేసి అడిగి బయల్దేరండి, అవసరమైతే నెల్లూరు వెళ్లండి. అడుగున వేసిన పేపరు, రెట్టతో సహా, వెంట తీసుకెళ్లండి. ఇంట్లో ఎవరికైనా జ్వరం, దగ్గు ఉంటే మీ డాక్టరుకీ చిలుక సంగతి చెప్పండి, సిట్టకోసిస్ అనే చిలుకల జబ్బు మనుషులకూ అంటుతుంది.