మిర్యాలగూడ మిల్లులో కంట్రోల్ ప్యానెల్ బిగించబోతున్న మా మేనల్లుడికి

అల్లుడూ,

నువ్వు పంపిన ప్యానెల్ ఫోటో రాత్రి భోంచేశాక పెద్దది చేసి చూశాను. వైరింగ్ నీటుగా ఉంది, వైరు నంబర్లన్నీ ఒకే వైపు నుంచి చదివేలా పెట్టావు, పనిలో చేరి ఏడాది నిండని కుర్రాడు చేశాడంటే ఎవరూ నమ్మరు. కానీ నా చూపంతా పై వరసలో మెయిన్ కరెంటుని 24 వోల్టుల డీసీగా మార్చే సప్లై పెట్టె, ఆ ఎస్‌ఎంపీఎస్ దగ్గరే ఆగిపోయింది. పైన వైర్లు పోయే డక్టుకి, పక్కన ఎక్కువ కరెంటు పోతే పడిపోయే ఎంసీబీ స్విచ్‌లకి ఆనించి బిగించావు, సరిగ్గా దాని కిందే మోటారు వేగం మార్చే డ్రైవు పెట్టావు. చర్లపల్లిలో మీ టెస్టింగ్ బల్ల మీద అది హాయిగా నడుస్తుంది. అది వెళ్లేది మాత్రం మిర్యాలగూడలో ఉప్పుడు బియ్యం మిల్లుకి. యాసంగి ధాన్యం దిగే మే నెలలో, ఒక పక్క బాయిలర్ వేడి, ఇంకో పక్క ఊక దుమ్ము, గేటు బయట లారీలు వరసకట్టి ఉన్నప్పుడు ఆగకుండా నడవాలి. ఆ రోజుని మనసులో పెట్టుకుని బిగించమని చెప్పడానికే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నా.

ముందు వేడి సంగతి. అక్కడ బయటే 44, 45 డిగ్రీలు ఉంటే, తలుపు మూసిన ప్యానెల్ లోపల 55 దాటడం పెద్ద విషయం కాదు. ఎస్‌ఎంపీఎస్ మీద 10 యాంపులు అని రాసి ఉన్నా, చాలా మోడళ్లలో ఆ మాట 50 డిగ్రీల వరకే చెల్లుతుంది, ఆ పైన ఒక్కో డిగ్రీకి ఇంత శాతం లోడు తగ్గించుకోవాలని మాన్యువల్‌లో ఒక గ్రాఫ్ ఉంటుంది. ఆ గ్రాఫ్ చూశాకే సైజు ఎంచుకోవాలి. నీ లోడు మొత్తం కలిపి 6 యాంపులు వస్తే 10 యాంపులది పెట్టు, 8 వస్తే 10 యాంపులది చాలదనుకో. లోపలి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి 10 డిగ్రీలకీ దాదాపు సగానికి పడిపోతుంది, ఎనిమిదేళ్లు రావాల్సిన పెట్టె రెండు మూడు సీజన్లకే పోవడానికి చాలాసార్లు ఇదే కారణం. అందుకని డ్రైవు నెత్తి మీద నుంచి దాన్ని తీసెయ్, పైనా కిందా ఎంత ఖాళీ వదలాలో మాన్యువల్ చెప్పినంతా వదులు, గాలి కింది చిల్లుల్లోంచి వచ్చి పై చిల్లుల్లోంచి పోయేలా నిలువుగా ఉంచు. చోటు లేదని అడ్డంగా పడుకోబెట్టి బిగించిన ప్యానెళ్లు నేను చాలా చూశాను, దాదాపు అన్నిట్లోనూ సప్లై మార్చాల్సి వచ్చింది.

ఇన్‌పుట్ వైపు నన్ను అన్నిటికన్నా భయపెట్టేది నీలం వైరు. మీ షాపులో యూరప్ పద్ధతిలో బ్రౌన్ ఫేజు, నీలం న్యూట్రల్ వాడుతున్నట్టు ఫోటోలో కనిపిస్తోంది. మిల్లులో ఎలక్ట్రీషియన్ మాత్రం ఎరుపు, పసుపు, నీలం మూడూ ఫేజులే, నలుపు న్యూట్రల్ అన్న అలవాటులో పెరిగినవాడు. నీలం చూడగానే బీ ఫేజు అనుకుని కలిపాడంటే నీ ఎస్‌ఎంపీఎస్ మీద 230 బదులు 415 పడుతుంది. సింగిల్ ఫేజు మోడళ్లు ఎక్కువగా 264 వోల్టుల దాకానే తట్టుకుంటాయి, ఆ పైన లోపల ఏదో ఒకటి పేలాల్సిందే. న్యూట్రల్ మధ్యలో తెగినా ఇంచుమించు ఇదే గతి. అందుకే ఇన్‌కమింగ్ టెర్మినళ్ల మీద ఫేజు, న్యూట్రల్ అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి అతికించు, కలిపేటప్పుడు పక్కనే నిలబడు, మీటరు పెట్టి చూడకుండా ఎంసీబీ ఎత్తకు. కొన్ని మోడళ్లకి 115, 230 అని చిన్న సెలెక్టర్ స్విచ్ ఉంటుంది, అది 115 మీద ఉందేమో చూసుకో, అలా ఉండగా మన కరెంటు ఇస్తే కెపాసిటర్లు పేలిపోతాయి. ఎంసీబీ సి కర్వ్‌ది పెట్టు, ఎందుకంటే ఆన్ చేసిన మొదటి క్షణంలో ఈ పెట్టె 30, 40 యాంపులు లాగుతుంది, త్వరగా పడే బీ కర్వ్ రకం అయితే ఊరికే పడిపోతుంది.

ఇప్పుడు చెప్పేది మీ అమ్మకి కూడా నేనెప్పుడూ చెప్పలేదు. నా ఎడమ మణికట్టు మీద మచ్చ ఉంటుంది చూశావా, అది చిన్నప్పుడు చెట్టు మీద నుంచి పడితే వచ్చింది కాదు. ఇరవై ఏళ్ల కిందట ఒక ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టులో లైను ఆగిపోతే, తొందరలో మెయిన్ ఆపేసి వెంటనే ఎస్‌ఎంపీఎస్ మూత విప్పాను. కరెంటు లేదు కదా అనే ధైర్యం. 230 ఏసీని డీసీ చేస్తే లోపలి పెద్ద కెపాసిటర్ మీద దాదాపు 325 వోల్టులు నిలబడి ఉంటాయని, మెయిన్ ఆపినా అది వెంటనే దిగదని అప్పటికి నాకు పుస్తకంలో తెలుసు, చేతికి తెలియదు. స్క్రూడ్రైవర్ కొస కరిగిపోయింది, చెయ్యి ఎగిరి తలుపు అంచుకి కొట్టుకుంది, ఆరు కుట్లు పడ్డాయి. ఆ షాకు గుండె మీదుగా పోయి ఉంటే ఈ ఉత్తరం రాసేవాణ్ని కాదు. కాబట్టి ఆపిన తర్వాత లేబుల్ మీద ఎన్ని నిమిషాలు రాసి ఉంటే అన్ని నిమిషాలూ ఆగు. మూత మాత్రం సైట్లో అసలు విప్పకు, పాడైతే కొత్తది మార్చు.

ఆపడం అన్నానే, ఎంసీబీ కిందికి దించితే ఆపినట్టు కాదు. ఇన్‌కమర్‌కి, అంటే ప్యానెల్‌కి కరెంటు వచ్చే మెయిన్ స్విచ్‌కి, నీ తాళం వెయ్యి, తాళంచెవి నీ జేబులో పెట్టుకో, "పని జరుగుతోంది" అన్న ట్యాగు తగిలించు. మిల్లుల్లో ఎవరో ఒకరు ధాన్యం పైకి ఎత్తే ఎలివేటర్ ఆగిందేంటని వచ్చి స్విచ్ ఎత్తేస్తారు, వాళ్ల తప్పు కూడా కాదు, నువ్వు లోపల ఉన్నావని వాళ్లకి తెలియదు. తరవాత మీటరుతో చూడు. ముందు కరెంటు ఉన్న చోట పెట్టి మీటరు పనిచేస్తోందని చూడు, తరవాత నువ్వు ముట్టుకోబోయే చోట చూడు, మళ్లీ కరెంటు ఉన్న చోట చూడు. నియాన్ టెస్టరు వెలగలేదు కాబట్టి కరెంటు లేదని చెయ్యి పెట్టకు నాన్నా, దాన్ని నమ్మి పోయినవాళ్లు ఉన్నారు.

ఎర్తింగ్ దగ్గర మిల్లువాళ్లు, "కొత్త ప్యానెల్ ముట్టుకుంటే కాస్త జిల్లుమంటుందండీ, అంతే" అంటారు. అది నవ్వుతూ వదిలేసే మాట కాదు. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజు నుంచీ న్యూట్రల్ నుంచీ బాడీకి కలిసి ఉంటాయి, ఎర్త్ వైరు సరిగ్గా లేకపోతే బాడీ మీద దాదాపు సగం వోల్టేజి కనిపిస్తుంది. జిల్లుమంటోందంటే ఎర్త్ లేదని ఆ పెట్టె నీకు చెబుతోంది. రేపు నిజంగానే ఫేజు బాడీకి తగిలితే ఎంసీబీ పడదు, మనిషి పడతాడు. పచ్చ వైరు ఎస్‌ఎంపీఎస్ ఎర్త్ టెర్మినల్ నుంచి ఎర్త్ వైర్లన్నీ కలిసే బస్‌బార్‌కి, తలుపుకి విడిగా ఒక వైరు, బస్‌బార్ నుంచి మిల్లు ఎర్త్ పిట్ దాకా, అంతా నీ కళ్లతో చూసుకో.

24 వోల్టుల వైపు షాకు కొట్టదని అందరికీ తేలిగ్గా ఉంటుంది కానీ నిజమైన పనితనం అక్కడే. నీ డ్రాయింగులో మైనస్‌ని ఎర్త్‌కి కలపకుండా వదిలేశావు. అలా తేలుతూ వదిలితే ఎలుక కొరికి ప్లస్ వైరు ఒక చోట బాడీకి తగిలినా ఏమీ కాదు, ఎవరికీ తెలియదు. ఇంకొన్నాళ్లకి స్విచ్ దాటిన తరవాతి వైరు కూడా ఎక్కడో బాడీకి తగిలిందనుకో, స్టాప్ నొక్కి ఉన్నా కరెంటు బాడీ మీదుగా చుట్టు తిరిగి మోటారుని ఆన్ చేసే కాంటాక్టర్ కాయిల్‌కి చేరుతుంది. ఎలివేటర్ అడుగున ఉండే బూట్లో చెయ్యి పెట్టి ధాన్యం తీస్తున్న మనిషి ఉండగా అది తిరిగితే? ప్యానెల్లో ఒకే ఒక్క చోట మైనస్‌ని ఎర్త్‌కి లింకు చెయ్యి, అప్పుడు మొదటిసారి తగిలినప్పుడే ఫ్యూజు పోయి తప్పు బయటపడుతుంది.

ఫ్యూజు అంటే గుర్తొచ్చింది, 24 వోల్టులంతటికీ కలిపి ఒకే 6 యాంపుల ఎంసీబీ పెట్టావు. సి కర్వ్ ఎంసీబీ తక్షణం పడాలంటే ఏసీలోనే 30 నుంచి 60 యాంపులు కావాలి, డీసీలో ఇంకా ఎక్కువ. నీ సప్లై షార్ట్ అయినా 12, 15 దగ్గరే తనని తాను ఆపుకుంటుంది. అంటే డ్రయర్ మీద ఒక సెన్సర్ వైరు నలిగితే ఎంసీబీ వెంటనే పడదు, మొత్తం 24 కుప్పకూలి మిషన్లన్నిటినీ నడిపించే చిన్న కంప్యూటర్, పీఎల్‌సీ ఆగిపోతుంది, ఎక్కడ పోయిందో వెతకడానికి గంటలు పడుతుంది. పీఎల్‌సీకి విడిగా, సెన్సర్లకి విడిగా, వాల్వులు తెరిచే సొలినాయిడ్లకి విడిగా ఒకటి రెండు యాంపుల ఫ్యూజు టెర్మినళ్లు పెట్టు. డబ్బు ఇస్తామంటే ఎలక్ట్రానిక్ బ్రేకర్లు ఇంకా మంచివి.

డ్రయర్ పైకి కేబుల్ 50 మీటర్లు అన్నావు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ కిలోమీటరుకి దాదాపు 12 ఓములు, పోనూ రానూ 100 మీటర్లంటే 1.2 ఓములు, 2 యాంపులు లాగితే 2.4 వోల్టులు దారిలోనే పోతాయి. 21.6తో సొలినాయిడ్ చల్లగా ఉన్నప్పుడు లాగుతుంది, వేడెక్కాక మొండికేస్తుంది, తప్పు వాల్వు మీదికి పోతుంది. 2.5 కేబుల్ లాగించు. సప్లై మీది చిన్న స్క్రూ తిప్పి వోల్టేజి పెంచొచ్చు కానీ, పెంచినకొద్దీ అది ఇవ్వగలిగే యాంపులు తగ్గుతాయి.

సైట్లో డ్రిల్లు వేసేటప్పుడు ఎస్‌ఎంపీఎస్ మీద గుడ్డ కప్పు, ఒక్క ఇనుప రజను ముక్క లోపల పడినా చాలు. ఎక్కువ వోల్టేజితో ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గర్ వేసే ముందు ఎస్‌ఎంపీఎస్, పీఎల్‌సీ వైర్లు విప్పెయ్. మిషన్ బాడీ మీద వెల్డింగ్ జరుగుతుంటే ప్యానెల్ ఆపించు, రిటర్న్ క్లాంపు వెల్డింగ్ చేసే చోటికి దగ్గరగా పెట్టించు. మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు అవుట్‌పుట్ ఫ్యూజులన్నీ తీసి ఉంచి, 24 వచ్చిందా, ప్లస్ మైనస్ సరిగ్గా ఉన్నాయా చూసి, ఒక్కొక్కటే పెడుతూ పో.

తవుడు దుమ్ము ఊదడానికి మిల్లువాళ్లు కంప్రెసర్ పైపు తెస్తారు, అందులో నీళ్లుంటాయి, వద్దను, ప్యానెల్ ఆపి వ్యాక్యూమ్‌తో తీయించు. కేబుళ్లు లోపలికొచ్చే గ్లాండ్ ప్లేటులో ఒక్క రంధ్రం తెరిచి ఉన్నా బల్లి వస్తుంది. దసరాకి ఆయుధ పూజ చేస్తారు, చేయాలి కూడా, కానీ పసుపు కుంకుమ తలుపుకి బయటే పెట్టమని, నీళ్లు చల్లొద్దని ఆపరేటర్‌కి ఇప్పుడే నెమ్మదిగా చెప్పు, నువ్వు చెబితే వింటారు.

గురువారం బయల్దేరతానన్నావు కదా. బుధవారం సాయంత్రానికి పై వరస మార్చి, మైనస్ లింకు పెట్టి, ఇంకో ఫోటో పంపు. కరెంటు ఇచ్చే రోజు ఫోను దగ్గరే పెట్టుకుని కూర్చుంటాను, ఎన్నిసార్లయినా చెయ్యి.

అక్కకి నా మచ్చ సంగతి చెప్పకు.

నీ మావయ్య